గీతకు గజం ముందు

లైల్ అన్నయ్యా,

ఫోన్ చేస్తే ఏడ్చేస్తానని రాస్తున్నాను. శనివారం ఆట చూసొచ్చిన దగ్గర్నుంచీ ఇదే ధ్యాస.

కాలేజీ ఫుట్‌బాల్లో నీ మేనల్లుడు కోడీకి అదే ఆఖరి ఆట. పొట్టివాడని నాలుగేళ్ళూ బెంచీ మీదే కూర్చోబెట్టారు. బంతి చేతబట్టుకుని చివరి గీత దాటి, ఒక్క టచ్‌డౌన్ కూడా చేసింది లేదు. చివరి నిమిషంలో, మనవాళ్ళు ఒక్క పాయింటు ముందున్నప్పుడు, వాడి చేతికి బంతిచ్చారు. ఆ ఏనుగుల్లాంటి వాళ్ళ సందుల్లోంచి దూరి బయటపడ్డాడు. ముందు నరమానవుడు లేడు. నేను కుర్చీ ఎక్కి అరుస్తున్నాను. గీతకు గజం దూరంలో ఆగి, చతికిలబడ్డాడన్నయ్యా!

కాలు విరిగిందనుకున్నాను. "వీడికి పిచ్చెక్కిందా!" అని మీ బావ టోపీ తీసి నేలకేసి కొట్టారు. గీత దాటితే మనకి పాయింట్లొచ్చినా, రూలు ప్రకారం బంతి అవతలివాళ్ళకి పోయేదట, తిరిగి కొట్టడానికి టైమూ వాళ్ళకి మిగిలేదట. కూర్చుంటే బంతి మనదే, టైము అయిపోతుందట. అలాగే గెలిచాం.

చిన్నప్పుడు వాడికి బంతి పట్టించింది నువ్వే. ఇదీ నువ్వే నేర్పావా? నిజం చెప్పు.

"దాటేస్తే నీ సొమ్మేం పోయేదిరా?" అని కారులో నిలదీశాను.

"ప్రాక్టీసులో నాలుగేళ్ళూ అందరూ నన్ను పడేసినవాళ్ళేనమ్మా. ఇవాళ ఎవడికీ దొరకలేదు. నేనే కూర్చున్నా," అన్నాడు.

నీ చెల్లెలు