వాళ్ళ పాత బట్ట, మన కొత్త సంచి

చిరంజీవి తమ్ముడికి,

అక్క దీవెనలు. ఇక్కడ మేమంతా కులాసా. అక్కడ నువ్వూ, మరదలూ, చంటిదీ చల్లగా ఉన్నారని తలుస్తాను. నీ ఉత్తరం అందింది. రేవులో ఆఫీసరువయ్యాక నీ చేతిరాత మరీ కోడిగీతలయింది. బావా నేనూ చెరో పక్కా పట్టుకుని కూడబలుక్కుని చదివాం.

నువ్వు అడిగినవాటికి జవాబులు. స్తంభం మీంచి పడి దెబ్బతిన్న బావ మోకాలు నయమే. స్తంభాలు ఎక్కొద్దని డాక్టరు చెబితే, కరెంటాఫీసువాళ్ళు కింద నిలబడి తీగ అందించే పని ఇచ్చారు. కిందనుంచి పైవాళ్ళకి సలహాలివ్వడం ఇంత హాయని తెలిస్తే ఎప్పుడో పడేవాణ్ణి అంటున్నారు. నీ మేనకోడలు బడికి వెళుతోంది, కాకపోతే రోజూ గుమ్మం దగ్గర ఒక రాగం తీసి మరీ వెళుతుంది. మా కుట్టు షెడ్డులో ఎగుమతికి కుడుతున్న సంచుల బట్ట ఎక్కడ కొన్నావని కూడా అడిగావు. దానికి తర్వాత వస్తాను.

షెడ్డు సంగతి చెప్పాలి. ఆ పరాయి దేశంవాళ్ళు సాయం కింద కుట్టుమిషన్లు ఇచ్చినప్పుడు ఎంత సంబరపడ్డామో నీకు తెలుసు. మిషన్లు మంచివే, అబద్ధమెందుకు. కాస్త నూనె వేస్తే నోరెత్తకుండా పని చేస్తాయి. మన షెడ్డులో ఆ గుణం వాటికి తప్ప ఇంకెవరికీ లేదు. కానీ అదే దేశం నుంచి, అదే రేవులో, పాతబట్టల బేళ్ళు కూడా దిగుతున్నాయి కదా. సంతలో టీ ఖరీదుకి చొక్కా వస్తుంటే మన దగ్గర కొత్తది ఎవరు కుట్టించుకుంటారు? ఒక చేత్తో పెట్టి ఇంకో చేత్తో లాక్కున్నట్టుంది. పోనీ ఆ బేళ్ళు ఆపుదామంటే, మన సరుక్కి అక్కడ ఇచ్చే సుంకం మాఫీ తీసేస్తామన్నారని నువ్వే చెప్పావు. ముందు నుయ్యి, వెనక గొయ్యి. బడి యూనిఫారాల పని కూడా పోయాక సగం మిషన్లకి గుడ్డ కప్పేశాం. ఈ సంచుల ఆర్డరు రాకపోతే షెడ్డుకి తాళం పడేది.

ఇక బట్ట సంగతి. కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుందంటారు. అయినా నీ దగ్గర దాపరికమేమిటి? ఆ బట్ట మనది కాదురా. ఆ బేళ్ళలోదే.

మాకు పని లేని రోజుల్లో, కాజాలు కుట్టే అత్త సంత నుంచి కొన్ని జీన్సు పంట్లాలు తెచ్చింది. ఒక్కోదాంట్లో మనలాంటివాళ్ళు ఇద్దరు దూరొచ్చు, అందుకే ఎవరూ కొనలేదు. బ్లేడుతో కుట్లు విప్పాం, ఉతికాం, కత్తిరించాం, వానకోటు గుడ్డతో లోపల లైనింగు వేశాం. మా సామాన్లు పెట్టుకోవడానికి కుట్టుకున్న సంచులవి. మిషన్లు ఎలా ఉన్నాయో చూడ్డానికి ఆ దేశం నుంచి వచ్చిన పొడుగావిడ కన్ను వాటి మీద పడింది. "ఇది మీ ఊరి నేతేనా?" అని దుబాసీ పిల్లతో అడిగించింది. ఆవిడ మొహంలో ఆ సంతోషం చూసి, చెడగొట్టబుద్ధి కాక నవ్వి ఊరుకున్నాను. ఆవిడ దాన్ని అవుననుకుంది. వాళ్ళ దేశంలో దుకాణాలకి చూపించి ఆర్డరు పట్టుకొచ్చింది. బట్ట ఇక్కడ నేసినదైతేనే సుంకం మాఫీ అనీ, అందుకు నీ సంతకం కావాలనీ అప్పటికి నాకేం తెలుసు?

నీ ఉత్తరం చదివాకే అది తెలిసింది. మొన్న ఆవిడ మళ్ళీ వస్తే, సంతకం పెట్టేది నువ్వేనన్న సంగతితో సహా అంతా చెప్పేశాను. కాజాలత్త నా మోచెయ్యి గిల్లుతూనే ఉంది.

"అమ్మా, ఈ బట్ట మీదే," అన్నాను.

ఆవిడ సంచి తిరగేసి, పంట్లాం జేబు గుర్తుపట్టి పకపకా నవ్వింది. "మాదీ కాదేమో. ఎక్కడ నేశారో, ఎక్కడ కుట్టారో. మనిద్దరికంటే ఎక్కువ దేశాలే తిరిగుంటుంది," అంది. తర్వాత నవ్వు ఆగిపోయింది. సుంకం కడితే ఆ ధరకి సంచులు అమ్ముడుపోవట.

"ఇదేం నియమమమ్మా?" అన్నాను.

"మా అమ్మ బట్టల మిల్లులో పనిచేసేది. దాన్ని మూసేశారు. అలాంటివాళ్ళు పోట్లాడి పెట్టించుకున్న నియమాలివి. తప్పని ఎలా అనను?"

"మా మిల్లూ మూసేశారు, మీ బేళ్ళొచ్చాక."

మంచిదిరా ఆవిడ, నిజంగా బాధపడింది. చివరికి, "మీ తమ్ముడు ఇక్కడి బట్టేనని సంతకం పెడితే చాలు. అక్కడ ఎవరూ విప్పి చూడరు," అంది.

"పెడతాడు," అన్నాను.

అదీ నేను చేసిన నిర్వాకం. నిన్ను అడక్కుండా నీ పేరు మీద మాటిచ్చేశాను. ఆ మాట విని మనవాళ్ళు మిషన్ల మీద గుడ్డలన్నీ తీసేశారు. కాజాలత్త కళ్ళజోడు మార్పించుకుంటానంది. వాళ్ళ హడావిడి చూస్తుంటే నాకు మాత్రం నువ్వే గుర్తొచ్చావు. రేపు ఎవరైనా ఒక సంచి విప్పి చూస్తే నీ ఉద్యోగం పోతుంది. అంతటితో ఆగదు, మన రేవు నుంచి వెళ్ళే ప్రతి పెట్టెనీ దొంగసరుకులాగే చూస్తారు.

ఈ ఉదయం షెడ్డులో చెప్పాను, ఆ సంతకం వద్దని. కాజాలత్త నన్ను తిట్టలేదు. తిట్టినా బాగుండేది. "మీ తమ్ముడిది ఉద్యోగం, మావి పొట్టలు కావా?" అని మాత్రం అడిగింది. సుంకం కట్టి కొన్ని సంచులైనా తీసుకోగలరేమోనని పొడుగావిడకి కబురు పెట్టాం. ఆవిడేమంటుందో తెలియదు.

బావ వేరేలా అన్నారు. "వాడికి ఉన్నదున్నట్టు రాసి అడుగు. నీ మాట ఎప్పుడు కాదన్నాడు?" అన్నారు. నిజమే. జ్వరంలో ఉన్నా నేను రమ్మంటే బస్సెక్కి వచ్చినవాడివి.

సంతకానికి పంపిన మా కాగితం నీ బల్ల మీదకి వస్తుంది. పక్కన పెట్టెయ్. నేనడిగితే నువ్వు సంతకం పెడతావని నాకు తెలుసు. అందుకే అడగడం లేదు.

ఇట్లు,
నీ అక్క