గులాబీ సోఫా, తెల్ల రుమాలు

మేడమీది గది,
మార్చి 9, ఆదివారం ఉదయం.

అక్కకు,

చెల్లెలు నమస్కరించి రాస్తున్న ఉత్తరం. ఇక్కడ నేను క్షేమంగానే ఉన్నాను. నువ్వూ క్షేమమేనని తలుస్తాను. తలవడమే తప్ప అడిగి ఆరేళ్ళయింది కాబట్టి ఈ ముక్క మర్యాద కోసం రాసింది కాదు, నిజంగానే అడుగుతున్నాను. మోకాలి నొప్పి తగ్గిందా? ఆఫీసులో నిన్ను ఇంకా ఆ మెట్లెక్కే గదిలోనే కూర్చోబెడుతున్నారా?

శుక్రవారం నాటి భాగోతం ఈపాటికి నీ చెవిన పడే ఉంటుంది. ఎవరికి తోచింది వాళ్ళు అంటున్నారు. కింది వాటా టీచరమ్మ నేను తాగి వెళ్ళానని తేల్చేసింది. చట్రాల బాబాయి, అదే, నా బొమ్మలకు చట్రాలు కట్టి తన కొట్టు వెనక గదిలో ప్రదర్శనకు పెడతాడే, ఆయన నాకు తిక్క ముదిరిందన్నాడు. టీవీవాళ్ళయితే అతిథికి ఒంట్లో బాగాలేక మధ్యలో వెళ్ళిపోయారని ప్రకటించారట. నా ఒంటికేం, గుండ్రాయిలా ఉంది. అసలేం జరిగిందో నీకొక్కదానికైనా నా చేతిరాతలో చెప్పాలనిపించింది. అతిథుల్ని కూర్చోబెట్టి ఏడిపించే ఆ టీవీ కార్యక్రమమంటే నీకు ప్రాణమని తెలుసు. అందుకే ముందే చెబుతున్నాను, దాన్ని నోరారా తిట్టబోతున్నాను. కోపమొస్తే చదవడం ఆపి, కాసిని నీళ్ళు తాగి మళ్ళీ మొదలుపెట్టు.

నన్ను అక్కడికి పంపిన పాపం బాబాయిదే. ప్రదర్శన పెట్టి నెల తిరిగినా ఆ గదిలో పిట్ట కూడా వాలలేదు. టీవీలో ఒక్కసారి మొహం చూపిస్తే జనం తోసుకుంటూ వస్తారని నా చెవిలో ఇల్లు కట్టుకుని పోరాడు. సరేనన్నాను. మర్నాడే ఆ కార్యక్రమం తయారుచేసే ఆవిడ ఇంటికొచ్చింది. గోడల నిండా బొమ్మలున్నాయి, ఒక్కదాని వంకా చూడలేదు. అద్దెకొచ్చేవాళ్ళు నీళ్ళ వసతి గురించి అడిగినట్టు, మీ జీవితంలో కన్నీళ్ళేమైనా ఉన్నాయా అండీ అని అడిగింది. ఉల్లిపాయలు తరిగినప్పుడు ఉంటాయన్నాను. అది కూడా రాసుకుంది. పెళ్ళెందుకు చేసుకోలేదు, ఎవరైనా మోసం చేశారా, బొమ్మలు వేస్తుంటే ఇంట్లో కొట్టేవారా అని వరసబెట్టింది. కొట్టలేదంటే పాపం, మొహం చిన్నబోయింది. నావాళ్ళు ఎవరున్నారని అడిగితే ఒక అక్క ఉందన్నాను. మాట్లాడుకుంటారా అంది. నేను కిటికీ వైపు చూశాను. బొమ్మల వంక చూడని ఆ మనిషి ఆ చూపును మాత్రం పట్టేసుకుంది.

స్టూడియో బయట నుంచి గోదాములా ఉంటుంది. లోపల ఇంకా అధ్వాన్నం, ఇల్లులా ఉంటుంది. నువ్వు ఎంత ముచ్చటగా ఉందో అనుకునే ఆ ఇల్లే, అక్కా. పైన పటారం, లోన లొటారం. అల్మరాలోంచి ఒక పుస్తకం తీయబోతే వరసంతా ఒకే చెక్కలా కదిలింది. అన్నీ అతికించిన అట్టల వీపులే, లోపల పుస్తకం లేదు. కిటికీ అవతలి ఎండ ఒక పెద్ద బల్బు. కప్పులో టీ లేదు, తాగినట్టు నటించమన్నారు. ఇక సోఫా వెనక నా బొమ్మ. వానకు తడుస్తున్న దుప్పట్ల బొమ్మ వేశాను ఈమధ్య. బూడిద రంగు తప్ప మరో రంగు లేకుండా వేయడానికి నెలలు పట్టింది. దాన్ని నిలువెత్తున గుడ్డ మీద అచ్చు వేయించి, గులాబీ సోఫాకు నప్పదని మొత్తం గులాబీ రంగులోకి మార్చారు. ఇదెవరిదండీ అని అడిగాను. మీదేనండీ అని ఎంతో సంతోషంగా చెప్పారు.

మేకప్ ఆయన మంచివాడే గానీ పని మీద శ్రద్ధ ఎక్కువ. నా గోళ్ళలో ఏళ్ళ తరబడి ఇరుక్కున్న రంగునంతా ఏదో ఘాటైన నీళ్ళతో తోమి తోమి పోగొట్టాడు. అంతలో ఆ కార్యక్రమం ఆవిడ వచ్చి నా చేతులు చూసి, ఈమె బొమ్మలేసే మనిషిలా లేదే అని ఆయన మీద విరుచుకుపడింది. ఆయన పరుగున వెళ్ళి ఎర్ర రంగు గొట్టం తెచ్చి నా వేళ్ళకింత, చెంపకింత పూశాడు. ఎరుపు నేను వాడనని నీకు తెలుసు. రోట్లో తల పెట్టి రోకటిపోటుకు వెరిస్తే ఎలా అని సరిపెట్టుకున్నాను.

ఇక ఆ కార్యక్రమం నడిపే నీ బంగారంలాంటి మనిషి సంగతి. నేను ఆయనకు రుమాలాయన అని పేరు పెట్టుకున్నాను. ఏడ్చే అతిథికి జేబులోంచి తెల్ల రుమాలు తీసి అందిస్తాడు చూడు, అప్పుడు నాక్కూడా కళ్ళు చెమరుస్తాయి అనేదానివి. ఆ రుమాళ్ళు ఇస్త్రీ చేసి ఒక పళ్ళెంలో పేర్చి ఉంటాయి. ముక్కు చీదినవి పడేయడానికి పక్కనే బకెట్టు. మొదలయ్యే ముందు ఆయన అద్దంలో చూసుకుని రుమాలు అంచు జేబులోంచి బొటనవేలంత పైకి లాగి పెట్టుకున్నాడు. దీపాలు వెలిగినప్పుడు ఆయన నవ్వు కూడా వెలిగింది. ప్రకటనలు రాగానే ఆరిపోయింది. ఆ విరామాల్లో నా వంక చూడనైనా చూడకుండా, నిమ్మకు నీరెత్తినట్టు కూర్చుని పళ్ళు కుట్టుకునేవాడు. ఎదురుగా కూర్చున్న జనానికి చప్పట్ల దీపం ఒకటి ఉంది. అది వెలిగితే కొడతారు, ఆరితే మానేస్తారు.

ఇది ప్రత్యక్ష ప్రసారం, కత్తిరింపులుండవని ఆయన గొప్పగా చెప్పి, చేతిలోని అట్టముక్కల్లో రాసున్న ప్రశ్నలు చదవడం మొదలుపెట్టాడు. అందరూ మొహాలు గీస్తారు కదా, మీ బొమ్మల్లో కాళ్ళే ఎందుకంత బాగుంటాయని అడిగాడు. చిన్నప్పుడు మా ఇంట్లో గీయడానికి నాకు దొరికిన మనిషి ఒక్కరే, ఆ మనిషి మొహం క్షణం నిలకడగా ఉండేది కాదు, ఎప్పుడూ ఏదో ఒకటి మాట్లాడుతూనే ఉండేది, కాళ్ళు మాత్రం ఒకదాని మీద ఒకటి వేసుకుని కదిలించేది కాదు, అందుకని నాకు ముందు కాళ్ళు వచ్చాయి అని చెప్పాను. ఆ పూట నేను మనస్ఫూర్తిగా చెప్పింది ఆ ఒక్క మాటే. ఆయన వినలేదు. తర్వాతి అట్టముక్క వెతుక్కుంటున్నాడు.

ఆ ముక్కలో గోడ ఉంది.

గోడ సంగతి నీకు చెప్పడమేమిటి గానీ, ఆయన నోట విన్నాక ఒకసారి నా మాటల్లో చెప్పుకోకపోతే కడుపు శాంతించదు. మన అద్దె ఇంట్లో అమ్మ మంచం పక్క గోడ. అమ్మ లేవలేకపోయిన ఆ ఏడాది, ఆమెకు కిటికీ కనబడదని వీధినే గోడ మీదికి తెచ్చాను. కుట్టుమిషను కొట్టు, మలుపులోని కుళాయి, సైకిలు తుడుచుకునే పోస్టుమాను, సాయంత్రం చేతిలో మందుల సంచితో ఇంటికొస్తున్న నువ్వు. అమ్మ పోయాక ఇల్లు ఖాళీ చేసేటప్పుడు, నేను పని మీద పొరుగూరు వెళ్ళిన సమయంలో, నువ్వు దాని మీద రెండు పూతలు సున్నం వేయించి తాళాలు ఇచ్చేశావు. గోడ ఎలా ఇచ్చాడో అలాగే అప్పగించమని ఇంటివాడు అన్నాడన్నావు. నాతో ఒక్క మాట చెప్పలేదు. ఒక్క ఫోటో అయినా తీయలేదు. నేను అనరాని మాటలన్నాను, నువ్వు పడరాని మాటలు పడ్డావు. అక్కడితో సరి.

ఈ సంగతి ఆ కార్యక్రమం ఆవిడ ఎక్కడ తవ్వి తీసిందో మరి. దీపాలు తగ్గాయి. ఎవరింటిదో ఒక తెల్లగోడ ఫోటో పెద్దగా వెలిగింది. ఏడుపు వాయిద్యం మొదలైంది. రుమాలాయన గొంతు తగ్గించి, ఒక కళాకారిణి గుండె మీద సున్నం పూసిన చేతులు ఉన్నాయనీ, ఆ చేతులు సొంతవాళ్ళవేననీ జనానికి చెప్పాడు. అమ్మ మంచం గురించి, నీ గురించి, ఆ పెదవులతో! ఎద్దు పుండు కాకికి నొప్పా? నా అరికాలి మంట నెత్తికెక్కింది. సోఫాకు కుడిపక్కన మడత తెర ఒకటి ఉంటుంది, నీకు తెలిసిందే, ఏడుపు ఘట్టంలో అందులోంచి ఎవరో ఒకరు బయటికొస్తారు. ఆయన ఒక చేత్తో ఆ తెరను చూపిస్తూ, రెండో చేతి వేళ్ళు రుమాలు మీద పెట్టుకుని అడిగాడు.

"ఆ చేతుల్ని ఈ రోజు మీరు క్షమించగలరా?"

"ఆ గోడకు సున్నం వేయించింది నేనేనండీ," అన్నాను. "బొమ్మ సరిగ్గా రాలేదు. మా అక్క వద్దంటున్నా వినకుండా వేయించాను."

ఆయన అట్టముక్క చూసుకున్నాడు. అందులో ఇలాంటి జవాబు రాసి లేదు. మరి మీ అక్కగారి చేతులు అని నసిగాడు.

"మా అక్క చేతులు మందుల సంచి మోశాయి. వాటి గురించి మీకు మాట్లాడే పని లేదు."

లేచి, జాకెట్టుకు తగిలించిన మైకు పీకి ఆ ఉత్తుత్తి టీ కప్పులో పడేశాను. దీపాలవాడు కంగారులో ఏ మీట నొక్కాడో ఏమో, చప్పట్ల దీపం వెలిగింది. జనం బుద్ధిగా చప్పట్లు కొట్టారు. రుమాలాయన ఆ రుమాలుతో తన మెడ తుడుచుకోవడం వెళ్తూ వెళ్తూ చూశాను. దాన్ని నిజంగా వాడుకోవడం ఆయనకు అదే మొదటిసారి అయి ఉంటుంది. తెర వెనక నాకోసం ఎవర్ని దాచారో కూడా చూడకుండా వచ్చేశాను. ఆ కార్యక్రమం ఆవిడ వరండా దాకా వెంటపడి, మీరేం పోగొట్టుకున్నారో మీకు తెలియదు అని అరిచింది. చెంప మీది ఎర్ర రంగు ఆవిడ చేతిలోని కాగితాలకే తుడిచి వచ్చాను.

ఇదీ జరిగింది. బాబాయి మొదట నెత్తి బాదుకున్నాడు. నిన్నటి నుంచి మాత్రం ఆ తిక్కమనిషి బొమ్మలు ఎక్కడ అంటూ కొట్టుకు జనం వస్తున్నారట. టీవీవాళ్ళు దుప్పట్ల బొమ్మ గులాబీ రంగులో ఉంటుందని చూపించారే అని వాళ్ళు నిలదీస్తుంటే, పాపం, బాబాయి జవాబు చెప్పలేక చస్తున్నాడు.

అంత అబద్ధం ఎందుకాడావని అడుగుతావు. ఆయన నోరు మూయించడానికి, అంతే. నిన్ను క్షమించేశానని మాత్రం అనుకోకు. ఆ గోడ మీది బొమ్మ బాగా వచ్చింది. నీకూ తెలుసు, అమ్మకూ తెలుసు. దాని మీద నాకింకా కోపమే. కానీ ఆ కోపం మన ఇంటిది, దాన్ని సబ్బు ప్రకటనకీ పళ్ళపొడి ప్రకటనకీ మధ్య అమ్ముకునే హక్కు ఎవరికీ లేదు. నువ్వు వచ్చి నా ఎదురుగా కూర్చుంటే తీరిగ్గా పోట్లాడుకుందాం. మధ్యలో టీ పెడతాను, కప్పులో టీ ఉంటుంది.

ఇట్లు,
నువ్వు పెట్టిన పేరుకు ఇప్పటికీ తగిన
మొండిఘటం

తా.క. కవరు అంటించబోయి ఆగాను. పైన ఒక అబద్ధం రాశాను. తెర వెనక ఎవరున్నారో చూడలేదన్నాను. చూశాను. ఆ మడత తెర నేల దాకా ఉండదు, కింద జానెడు ఖాళీ ఉంటుంది. కెమెరాలకు కనబడదు గానీ సోఫాలో కూర్చున్నవాళ్ళకు కనబడుతుంది. వాళ్ళిచ్చినవే అయ్యుంటాయి, ఎత్తు మడమల చెప్పులు ఒక పక్కన విడిచి ఉన్నాయి. వాటి పక్కన వట్టి పాదాలు, కుడిదాని మీద ఎడమది. నేను గీసినన్నాళ్ళూ ఒక్కసారైనా కదలని పాదాలు, అక్కా, శుక్రవారం వణుకుతున్నాయి. ఆయన ఆ చేతులు, ఆ చేతులు అన్నప్పుడల్లా వేళ్ళు ముడుచుకుపోతున్నాయి. ఇద్దర్నీ కలుపుతామని చెప్పి నీ చేత గోడ సంగతంతా చెప్పించి ఉంటారు. నువ్వు నమ్మి, మోకాలి నొప్పితో అంత దూరం నాకోసం వచ్చావు. నీ ఏడుపు ఆ బకెట్లోకి పోవడం నేను భరించలేకపోయాను. నీ మొహం చూడడం ఇష్టంలేక లేచి వెళ్ళానని అనుకుని ఉంటావు. కాదు. చాలాసేపు గేటు దగ్గర నిలబడ్డాను, నిన్ను వాళ్ళు ఏ దారిన పంపించారో కనబడలేదు. ఇక్కడికి రా. మా మెట్ల దగ్గర చెప్పులు విడవడానికి చోటుంది.