తొంభై తొమ్మిది కాడ

నవంబర్ 10, సోమవారం

థర్మామీటర్ నేను చెడగొట్టలే. ఎవురడిగినా ఇదే చెప్తా.

ఎనిమిదో తరగతిలో అందరికీ సైన్స్ సార్ ప్రాజెక్ట్ ఇచ్చినాడు. స్కూలు థర్మామీటర్ రోజుకొకరు ఇంటికి తీసుకపోవాల. నీళ్లు కాగబెట్టి, నిమిషానికొకసారి చూసి గ్రాఫ్ గీయాల. బాగా చేసినోళ్లకు నంద్యాల సైన్స్ ఫేర్. మాది ఆళ్లగడ్డ బస్టాండ్ కాడ టిఫిన్ హోటల్, పొయ్యికేం కరువా! ఇడ్లీ గిన్నెలో నీళ్లు పోసి పెట్టినా. తొంభై తొమ్మిది దాకా గబగబా ఎక్కింది. ఆడ నిలబడింది. ఇంకా పది నిమిషాలు మంట పెట్టినా కదల్లే. చూసిందే రాసినా.

సార్ నా రికార్డు అందరికీ చూపించి నగినాడు. మంట పెడ్తానే ఉంటే వేడి పెరక్కుండా యాడికి పోతాదన్నాడు. థర్మామీటర్ చెడగొట్టి, పైగా అబద్ధాలు రాసినావన్నాడు. చెడిపోయింది మాకెందుకు, నువ్వే పెట్టుకో అన్నాడు. సారీ లెటర్ రాసిస్తేనే నంద్యాలంట.

వినీత్ నూట ఇరవై రాసినాడు. వానికి వెరీ గుడ్! ఆ థర్మామీటర్లో నంబర్లే నూట పదితో అయిపోతాయి. నూట ఇరవై వానికి యాడ కనపడిందో.

నవంబర్ 11

రాయను.

నవంబర్ 12, బుధవారం

సార్‌తో మనకెందుకమ్మా, ఒక్క కాగితం రాసిచ్చేయ్ అన్నాడు నాయన. నాయన మీద శానా కోపం వచ్చింది. అన్నం తినలే.

ఏందీ కథ అని అవ్వ అడిగింది. చెప్పినా. ఓస్ ఇంతేనా అనింది. ముప్పై ఏండ్ల నుంచి ఇడ్లీ పెడతాండాది ఆమె. నీళ్లు తెర్లి బుడగలొచ్చినాక మంట ఎంత పెంచినా ఇడ్లీ బేగా ఉడకదంట. గిన్నెలో నీళ్లు బేగా అయిపోతాయంట, అంతే. అందుకే ఆవిరి రాంగానే మంట తగ్గిస్తాదంట. రోజూ చూస్తానే ఉండా, ఎప్పుడూ నా బుర్రకెక్కలే!

అంటే వేడి యాడికీ పోలే. నీళ్లను ఆవిరి చేసేదానికి ఖర్చయితాంది. సార్ అడిగిన దానికి జవాబు మా వంటింట్లోనే ఉండాది.

నవంబర్ 13, పొద్దున 6:30

సోడా అంగట్లో ఐసు తెచ్చి, పగలగొట్టి గ్లాసులో వేసినా. థర్మామీటర్ పెట్టి కలబెడ్తానే ఉన్నా. సున్నా. సున్నా. సగం కరిగినా సున్నానే. ఆఖరి ముక్క కూడా కరిగినాక అప్పుడు ఎక్కడం మొదలుపెట్టింది.

చెడిపోయిందైతే యాడంటే ఆడ నిలబడాల. ఇది రెండు తావుల్లోనే నిలబడుతాంది. ఐసు నీళ్లయ్యే కాడ, నీళ్లు ఆవిరయ్యే కాడ. నడుమ బాగా పరిగెత్తుతాంది. ఇప్పుడు చెప్పమను, అబద్ధం ఎవురిదో!

నవంబర్ 14, శుక్రవారం

అడిగేసినా. క్లాసులో లేచి, మీరే పెట్టి చూపించండి సార్ అన్నా.

సార్ మొహం కందగడ్డ మాదిరి చేసుకోని, ల్యాబ్ నుంచి పొయ్యి, కొత్త థర్మామీటర్ తెప్పించినాడు. నీళ్లు తెర్లినాయి. తొంభై తొమ్మిది. మంట పెంచినాడు. తొంభై తొమ్మిది. ఇంకోటి తెప్పించినాడు. అదీ అంతే! వినీత్ తల వంచుకోని రబ్బర్ వెతుక్కుంటాండాడు. బెల్ కొట్టకుండానే పీరియడ్ అయిపోయిందని సార్ పొయ్యి ఆర్పేసినాడు.

సారీ లెటర్ మాట మళ్లీ ఎత్తలే. సాయంత్రం నంద్యాల లిస్టులో నా పేరు రాసినాడు, సింధూజ అని. సంతోషంతో ఏడుపొచ్చింది. అందరూ చూస్తాండారని ఆపుకున్నా.

నవంబర్ 19, నంద్యాల

జడ్జి మేడం నా గ్రాఫ్‌లో తొంభై తొమ్మిది కాడ అడ్డగీత చూసి, థర్మామీటర్ చెడిపోయిందా పాపా అని అడిగింది.

నేను నోరు తెరిచే లోపలే, పక్కనున్న మా సార్ నీళ్ల గిన్నె కింద పొయ్యి ముట్టించినాడు.