సందులో పట్టని కారు

తమ్ముడు తిరుమలరావుకి,

ఫోనులో చెబితే మా బస్తీ క్యాంప్-1లో పక్కింటికి వినిపిస్తుందని, మా కొత్త కారులో కూర్చుని రాస్తున్నాను. రిటైర్మెంటు డబ్బుతో మీ బావ కొన్నారు. సందులో పట్టదని షోరూం వాళ్ళు మెయిన్ రోడ్డు మీదే వదిలారు. మీ బావ రోజూ సైకిలు మీద వెళ్ళి తుడిచి వస్తున్నారు. అది ఇంకా అంగుళం కదల్లేదు గానీ, నా మనసు మన విజయనగరం దాకా వెళ్ళొచ్చేసింది.

మొన్నటిదాకా నన్ను "ఏటే" అన్న పక్కింటి గున్నమ్మ, ఇక్కడి హిందీవాళ్ళలా "దీదీ, ఆదివారం పెళ్ళిలో మా అల్లుడు మీ కారులోనే ఊరేగాల" అంది. ఆ ఊపులో సరే అనేశాను. మాకు నడపడం రాదని ఎవరికీ తెలియదు. లారీ నడిపేవాడివి, నీకిదెంత? శనివారానికి వచ్చెయ్.

నలుగురిలో నిన్ను మా డ్రైవరంటాను, ఏమీ అనుకోకు. ఇంట్లో మాత్రం తమ్ముడివే.

మీ అక్క