బెల్లు కొట్టే మనిషి

నేను చెప్పకముందే నా సంగతులన్నీ కనిపెట్టే మా అక్కకి,

కుక్కకి మేస్త్రీ అని పేరు పెట్టినప్పుడే అన్నావు, దాన్ని నెత్తికెక్కించుకుంటున్నారని. ఇప్పుడు అనుభవిస్తున్నాను. మెట్ల మీద ఎవరి అడుగు వినపడినా అరుపే. మీ మరిది ఉన్నప్పుడు ఇంత లేదు. ఆయన పోయాక ప్రతి అడుగూ ఆయనదేననుకుని తలుపు దగ్గరికి పరిగెడుతుంది. కాదని తెలిశాక ఆ కోపమంతా వచ్చినవాళ్ళ మీద చూపిస్తుంది.

గోడ అవతలి గదిలో ఒక నర్సు ఉంటోంది. రాత్రి డ్యూటీ, పగలు నిద్ర. ఈ గోలలో నిద్రెక్కడ పడుతుంది పాపం! ఇంటి ఓనరుకి చెప్పుకుంది. ఆయనొచ్చి, "నెలాఖరుకల్లా దీని నోరు అదుపులో పెట్టండి. లేదంటే ఎవరికైనా ఇచ్చేయండి" అన్నాడు. దాన్ని ఇచ్చేస్తే ఈ ఇంట్లో ఊపిరి పీల్చేది నేనొక్కదాన్నే అక్కా.

పశువుల డాక్టరు ఒక ఉపాయం చెప్పాడు. బెల్లు మోగాక రెండు అరుపులు అరవనిచ్చి, నెమ్మదిగా "చాలు" అనాలట. నోరు మూయగానే బిస్కెట్ ముక్క పెట్టాలట. కసరకూడదు. నేను అరిస్తే, నేనూ దానికి వంత పాడుతున్నాననుకుంటుందట. బాగానే ఉంది, బెల్లు కొట్టేదెవరు? నేనే బయటికెళ్ళి కొట్టి చూశాను. నా వాసన దానికి తెలీదా? తోకూపుతూ కూర్చుంది. టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ముప్పై ఏళ్ళు ఊరందరినీ కలిపినదాన్ని, నా బెల్లు కొట్టడానికి ఒక్క మనిషి దొరకలేదు.

చివరికి సిగ్గు విడిచి ఆ నర్సునే అడిగాను. "బాగుందండీ, ఫిర్యాదు చేసిన నన్నే పనిలో పెడుతున్నారే!" అని నవ్వింది. రోజూ సాయంత్రం ఆరింటికి, డ్యూటీకి వెళ్తూ కొట్టిపోతానంది.

నీ చిట్టి

---

అక్కా,

నువ్వు తిట్టినా సరే, ఇది నీకు తప్ప ఎవరికీ చెప్పలేను.

మేస్త్రీ పన్నెండో రోజుకే నేర్చేసుకుంది. రెండు అరుపులు, నా "చాలు", ఆ తరవాత బిస్కెట్ డబ్బా వైపు చూపు. మెట్ల మీద ఎవరు నడిచినా ఇప్పుడు చెవులు ఎత్తుతుందంతే. ఆ మాట నర్సుకి చెప్పలేదు. "ఇంకా కుదరట్లేదమ్మా, పొద్దున పాలవాడు వస్తే ఒకటే గోల" అన్నాను. అది అబద్ధం. అంతటితో ఊరుకున్నానా? ఆ పిల్ల బెల్లు కొట్టినప్పుడు కావాలనే "చాలు" ఆలస్యంగా అంటున్నాను. మేస్త్రీ నాలుగైదు సార్లు అరిచి, ఇంకా అనవేమిటని నా మొహంలోకి చూస్తోంది. నెలాఖరు దగ్గరపడింది. నేర్చుకున్నదాన్ని నేనే చెడగొడుతున్నాను. ఇలాగే పోతే దాన్ని చేజేతులా పోగొట్టుకుంటాను.

ఎందుకంటే, నేర్చుకుందని చెప్తే ఆ పిల్ల ఇంక రాదు. పాత ఉత్తరాల్లో నీకు రాసిందంతా ఉత్తిదే అక్కా. ఇంటికి ఎవరో ఒకరు వస్తూనే ఉంటారని రాశాను. ఎవరూ రారు. నాలుగు గంటల నుంచే గడియారం చూస్తాను. ఐదున్నరకి జడ వేసుకుంటాను. బెల్లు మోగుతుంది, తలుపు తీస్తాను, రెండు మాటలు, "జాగ్రత్తగా వెళ్ళిరా" అంటాను. రోజంతా నేను ఒక మనిషితో మాట్లాడేది ఆ ఐదు నిమిషాలే.

రేపు చెప్పేస్తాను. మేస్త్రీ ఉండాలంటే చెప్పాలి.

చిట్టి

---

బంగారంలాంటి అక్కకి,

నిన్న చెప్దామని నోటి దాకా వచ్చి ఆగిపోయింది. ఈలోగా ఇవాళ మధ్యాహ్నం ఓనరే వచ్చి బెల్లు కొట్టాడు. మేస్త్రీ రెండుసార్లు అరిచింది. వెంటనే "చాలు" అన్నాను. టక్కున ఆగింది. దాన్ని పంపించేయమనొద్దని నేను దండం పెట్టినంత పని చేస్తుంటే ఆయన వింతగా చూశాడు. "నేనొచ్చింది కొళాయి చూడ్డానికండీ. కుక్క గొడవ లేదని ఆ నర్సమ్మ రెండు వారాల కిందటే చెప్పిందిగా!" అన్నాడు.

నాకు తల కొట్టేసినట్టయింది. ఆరింటికి బెల్లు మోగగానే తలుపు తీసి, "నన్ను క్షమించమ్మా, అబద్ధమాడాను" అన్నాను.

"తెలుసండీ. గోడకి ఆనించి మంచం వేసుకుని పగలంతా పడుకునేది నేను. అరుపు మానిందని నాకంటే ముందు ఎవరికి తెలుస్తుంది?"

"మరి రోజూ ఎందుకొచ్చావు?"

ఆ పిల్ల భుజాన సంచీ సర్దుకుంది. "నేను డ్యూటీకెళ్తుంటే జాగ్రత్తగా వెళ్ళిరా అనేవాళ్ళు ఇంకెవరూ లేరండీ" అంది.

నాకు ఏడుపొచ్చింది. ఆదివారం తనకి సెలవట, భోజనానికి రమ్మన్నాను. ఈ సందట్లో బిస్కెట్ సంగతే మరిచాను. తను మెట్లు దిగుతుంటే మేస్త్రీ వెనక నుంచి రెండుసార్లు అరిచి, ఆగి, నా వైపు చూసింది. మళ్ళీ అరిచింది.

నేను "చాలు" అనలేదు.

నీ చిట్టి