నీ పన్నెండు అడుగులు

మస్తానన్నా,

నువ్వు పోయి నేటికి ఏడాది. ఇది నీకు చేరదని తెలిసే రాస్తాండా.

నువ్వు పెట్టిన ఫుట్‌బాల్ క్లబ్బును కొన్న కాంట్రాక్టరు దానికి వాళ్ల నాయన పేరు పెట్టినాడు. ఓర్చుకున్నాం. నువ్వు కుంటికాలితో పన్నెండు అడుగులేసి పెట్టిన పెనాల్టీ చుక్క గోలుకు శానా దగ్గరుందని, టేపు పట్టించి చెరిపించినాడు. అది మాత్రం ఓర్చుకోలేకపోయినాం.

క్లబ్బు ఇడిసిపెడతామంటే టీ అంగడి కాడ గొడవైంది.

"గ్రౌండు ఆయప్పదిరా, యాడ ఆడతారు?" అన్నాడు కెప్టెన్ రమణ.

"ఓర్వకల్లు రాళ్లల్లో ఆడతాం. నువ్వు ఆయప్ప బూట్లు తుడుచుకుంటా ఈడే ఉండప్పా," అన్నా నేను.

రమణ ఉండిపోయినాడు. పదకొండు మందిమి బయటికొచ్చి కొత్త క్లబ్బు పెట్టినాం.

నిన్న మొదటి మ్యాచి, రాళ్లు ఏరి చేసుకున్న మా గ్రౌండులో, పాత క్లబ్బుతోనే. గీతలకు మా బండల పాలిష్ ఫ్యాక్టరీ రాతిపొడి తెచ్చినా. నా కాళ్లు బాగుండాయి కాబట్టి, పెనాల్టీ చుక్క పెట్టేకి కావాలనే నీ మాదిరి కుంటుకుంటా పన్నెండు అడుగులేసినా. మనోళ్లు నవ్వినారు. ఆరో అడుగుకు ఎవురూ నవ్వలేదు.

ఆఖర్లో ఆ చుక్క మీద నుంచే రమణ గోల్ కొట్టినాడు. ఓడిపోయినాం.

పొడి సంచి ఎత్తుకుంటాంటే వాడే దగ్గరికొచ్చి, "ఇంత దగ్గర్నుంచి కొడితే ఎవుడాపుతాడు? వెనక్కి జరుపుకోండ్రా," అన్నాడు.

సంచి మూతి బిగించి కట్టి భుజానేసుకున్నా.

వచ్చే ఆదివారం చుక్క పెట్టేకి మళ్లీ కుంటాల.