మల్లయ్య గొంగడి

మంగళవారం, వికారాబాద్

ఫోన్లలో సభలు పెట్టుకునే సాఫ్ట్‌వేర్‌ను మనుమరాలు సునీత ఎక్కడెక్కడివాళ్లతోనో కలిసి ఉచితంగా తయారు చేస్తోంది. అందులో అందరూ ఒకేసారి అరుస్తున్నారంటే, మా గొర్ల కాపరుల పంచాయితీ పద్ధతి చెప్పాను. గొంగడి మీద కూర్చున్నవాడే మాట్లాడాలి, వాడు లేచాకే ఇంకొకడు. వాళ్లు అదే పెట్టారు.

"తాతా, చేసినోళ్ల పేర్లల్ల నీ పేరు గూడ ఎక్కిచ్చిన, సూడు!"

కూడబలుక్కుని చదివాను. ఛాతీ ఉబ్బింది. అంతలోనే నాతో గొర్లు కాసిన తాండూరు మల్లయ్య గుర్తొచ్చాడు. గొంగడి వాడిది, పద్ధతీ వాడిదే. వాడు పోయి ఆరేళ్లయింది.

"నా పేరు తీసెయ్ బిడ్డా. మల్లయ్య అని రాయి."

"మరి నువ్వేం జేసినవ్?"

"నేను ఎవర్నీ మాట్లాడనియ్యకుంటే గదా, వాడు గా గొంగడి పరిచింది!"

సునీత పడీపడీ నవ్వింది.

నేను ఎంతకీ లేవకపోతే, "ఇగ లెవ్వురా" అని వాడే చెయ్యి పట్టి లేపేవాడు. ఇప్పుడు నన్ను 'రా' అనేవాడే లేడు...